యూత్ కౌన్సిల్‌లో చేరమన్నారా? ముందు అజెండా అడగండి

చర్చిల తరఫున దేశదేశాల్లో తాగునీరు, తిండి, వైద్యం, విపత్తు సహాయం చూసే సంస్థల్లో చాలావాటికి ఇప్పుడు యూత్ కౌన్సిల్, అంటే సంస్థకు సలహాలిచ్చే యువతీయువకుల మండలి, ఉంటోంది. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి దరఖాస్తులకు పిలుపు వస్తుంది. ఆరాధన అయ్యాక ప్రకటనల్లో పాస్టరుగారు చదువుతారు, చురుగ్గా కనిపించే ఎవరో ఒకరి వైపు చూసి "నువ్వు పెట్టు" అంటారు. పెట్టవచ్చా? పెడితే పదవీకాలం ముగిసేసరికి ఏం నేర్చుకుంటారు, ఎవరికి ఏం ఒరుగుతుంది? అదే ఇక్కడ చూస్తున్నాం. ఫలానా సంస్థ మంచిది, ఫలానాది కాదు అని మార్కులు వేయడం లేదు. ఈ ఏర్పాటు ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ పేరుకే మిగిలిపోతుందో, దరఖాస్తు పెట్టేవాళ్లు ఆ తేడాను ముందే ఎలా పట్టుకోవచ్చో చెబుతున్నాం.

మా అభిప్రాయం మొదటే చెప్పేస్తాం. సమావేశం కాగితాలు వారం, పది రోజుల ముందు సభ్యుల చేతికి వచ్చే కౌన్సిల్ అయితే చేరండి. మిగతా లోపాలన్నీ సర్దుకుంటాయి. ముందురోజు రాత్రి అరవై పేజీలు మెయిల్‌లో పడేసే కౌన్సిల్ అయితే, ఎంత మంచి మనుషులున్నా, ఎంత గొప్ప ఫొటోలున్నా, మీ సమయం మీ సంఘంలోనే ఎక్కువ ఉపయోగపడుతుంది.

యవ్వనస్థుల కూడికలో బాగా నడిచినవాళ్లు ఇక్కడ మొదట తడబడతారు. కూడికలో పాట, వాక్యం, ప్రార్థన, తోటివాళ్ల తోడు ఉంటాయి. కౌన్సిల్‌లో ఎక్కువ భాగం చదవడం, అడగడం, రాసి పంపడం. ఎదురుగా ఉన్నది బోర్డు, ఆడిటరు, చట్టం, భాగస్వామ్య సంస్థలు ఉన్న పాత వ్యవస్థ. ఈ సంస్థల్లో పేరున్నవి కొన్ని రెండో ప్రపంచ యుద్ధం తర్వాత శరణార్థుల కోసం పుట్టాయి. లూథరన్ వరల్డ్ రిలీఫ్, క్రిస్టియన్ ఎయిడ్ 1945 నాటివి, లూథరన్ వరల్డ్ ఫెడరేషన్ 1947 నాటిది. కెనడా ఆంగ్లికన్ చర్చి సహాయ నిధి 1958లో స్ప్రింగ్‌హిల్ బొగ్గుగని ప్రమాదం తర్వాత, 1959లో మొదలైంది. ఇంగ్లండ్ కాథలిక్కుల కాఫోడ్ 1962, కెనడా కాథలిక్కుల డెవలప్‌మెంట్ అండ్ పీస్ 1967, బ్రిటన్ ఎవాంజెలికల్ క్రైస్తవుల టియర్‌ఫండ్ 1968. ఇన్ని దశాబ్దాల అనుభవం ఉన్నచోట అన్ని దశాబ్దాల అలవాట్లూ ఉంటాయి. కొత్తగా వచ్చిన ఇరవై రెండేళ్ల సభ్యురాలు అడిగే మామూలు ప్రశ్నకు "ఇక్కడ ఇలాగే చేస్తాం" అన్న జవాబు వస్తే, అది ఆమె మీద కోపంతో అన్న మాట అనుకోనవసరం లేదు. ఆ ప్రశ్న చాలా ఏళ్లుగా ఎవరూ అడిగి ఉండరు.

సమయం లెక్క దగ్గర మొదటి మోసం జరుగుతుంది, ఎవరూ కావాలని చేయకపోయినా. పిలుపులో "నెలకు రెండు గంటలు" అని రాస్తారు. అది సమావేశం సమయం మాత్రమే. తొంభై నిమిషాల సమావేశానికి కాగితాలు చదవడం రెండు మూడు గంటలు, ఉపసంఘం కాల్ ఒక గంట, మెయిళ్లకు జవాబులు వారానికి అరగంట, ఏదైనా సంఘంలో మాట్లాడవలసి వస్తే తయారీకి మూడు నాలుగు గంటలు. అన్నీ కలిపితే నెలకు ఎనిమిది నుంచి పన్నెండు గంటలు. పరీక్షల నెలలో ఇది కుదరదు. మంచి కౌన్సిళ్లు సభ్యుల పరీక్షల తేదీలు ఏడాది మొదట్లోనే తీసుకుని ఆ నెలల్లో నిర్ణయాలు పెట్టుకోవు. అలా అడగని చోట ఆరో నెలకల్లా హాజరు సగానికి పడిపోతుంది. మిగిలిన నలుగురే అన్ని పనులూ మోసి అలిసిపోతారు. వరుసగా మూడు సమావేశాలు చెప్పకుండా మానితే ఆ స్థానం ఖాళీ అయినట్టే అనే నియమం కఠినంగా వినిపిస్తుంది గానీ, ఉండాలి. లేకపోతే కోరం, అంటే ఉండవలసిన కనీస హాజరు, కుదరక తీర్మానాలు ఆగిపోతాయి.

సభ్యులు వేర్వేరు ఖండాల్లో ఉంటే ఇంకో చిక్కు గడియారం. న్యూయార్క్, జెనీవాల మధ్య మామూలుగా ఆరు గంటల తేడా. అమెరికా మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు జరుపుతుంది, ఐరోపా మార్చి చివరి ఆదివారం. ఆ మధ్య రోజుల్లో తేడా ఐదు గంటలే. అక్టోబరు చివర ఒక వారం మళ్లీ ఇదే కథ. నైరోబీలో గడియారం ఎప్పుడూ కదలదు. అందుకే మార్చి సమావేశానికి ఒకరు గంట ముందు వచ్చి ఎదురుచూస్తారు, ఇంకొకరు అంతా అయిపోయాక వస్తారు. ఆహ్వానంలో సమయాన్ని యూటీసీలో (ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయం) రాసి, పక్కన ప్రతి సభ్యుడి ఊరి సమయం ఇస్తే సరిపోతుంది. అయితే ఎప్పుడూ ఒకే ప్రాంతం వాళ్లు అర్ధరాత్రి మేల్కొని కూర్చోవలసి వస్తుంటే అది గడియారం సమస్య అనలేం. ఎవరి నిద్రకు విలువ ఉందో అక్కడ తెలిసిపోతుంది. సమావేశ సమయాన్ని వంతులవారీగా మార్చే కౌన్సిల్‌కు మేము ఒక మార్కు ఎక్కువ వేస్తాం.

ఇక అజెండా. యూత్ కౌన్సిల్ అసలు సంగతి మొత్తం ఈ ఒక్క కాగితంలో ఉంటుంది, కాబట్టి కాసేపు దీని దగ్గరే ఆగుదాం.

ఒక మాదిరి అజెండా తీసుకోండి. ఏడు అంశాలు ఉన్నాయి. ప్రారంభ ప్రార్థన, గత మినిట్స్ (కిందటి సమావేశంలో జరిగినదాని రాత), కార్యక్రమాల నివేదిక, వార్షిక ప్రణాళిక, ప్రచారం, సందర్శన ఏర్పాట్లు, ముగింపు. ప్రతి అంశం పక్కన ఒక మాట ఉండాలి: నిర్ణయానికి, చర్చకు, లేదా సమాచారానికి. ఏ అంశానికి ఎన్ని నిమిషాలో, దానికి జోడించిన కాగితం ఏదో కూడా ఉండాలి. ఇప్పుడు లెక్కపెట్టండి. ఏడింటిలో ఆరు "సమాచారానికి" అయితే మిమ్మల్ని వినడానికి పిలిచారు. "వార్షిక ప్రణాళిక, చర్చకు, పది నిమిషాలు" అని ఉండి, ఆ ప్రణాళికను బోర్డు గత నెలలోనే ఆమోదించి ఉంటే, ఆ పది నిమిషాల్లో మీరు ఏం చెప్పినా దేనిలోనూ చేరదు. అందుకే బోర్డు సమావేశాల తేదీలు అడిగి తీసుకుని కౌన్సిల్ తేదీల పక్కన పెట్టి చూడాలి. కౌన్సిల్ సమావేశం బోర్డు సమావేశానికి మూడు నాలుగు వారాల ముందు పడితే సలహా రాతలోకి వెళ్లి, బోర్డు కాగితాల్లో చేరే వీలుంటుంది. తర్వాత పడితే ఆ సలహా వచ్చే త్రైమాసికం దాకా ఆగుతుంది, అప్పటికి ఆ విషయమే ముగిసిపోతుంది. కొన్నిచోట్ల ఏళ్ల తరబడి ఎవరూ గమనించని లోపం ఇదే. ఒక్కసారి క్యాలెండర్ సరిచేస్తే కౌన్సిల్ మళ్లీ బతుకుతుంది.

రెండో కాగితం జవాబుల పట్టిక. నాలుగు గడులు చాలు: కౌన్సిల్ ఏం చెప్పింది, ఏ తేదీన, బోర్డు లేక సిబ్బంది ఏం చేశారు, చేయకపోతే ఎందుకు. ఈ నాలుగో గడే కీలకం. "నిధులిచ్చిన దాత ఒప్పందంలో ఇది కుదరదు", "భాగస్వామ్య సంస్థ వద్దంది", "చట్టప్రకారం వీలు లేదు" అనేవి గౌరవమైన జవాబులు. వాటినుంచి యువతీయువకులు సంస్థ ఎలా నడుస్తుందో నేర్చుకుంటారు, తర్వాతి సలహా పదునుగా ఇస్తారు. "పరిశీలిస్తున్నాం" అన్న మాట వరుసగా మూడు సమావేశాల్లో కనిపిస్తే ఆ సలహా చచ్చిపోయిందని అర్థం. ఈ పట్టిక లేని కౌన్సిల్‌లో రెండేళ్ల తర్వాత మీరు వెనక్కి చూసుకుంటే ఎన్ని గంటలు మాట్లాడారో గుర్తుంటుంది గానీ ఏది మారిందో వేలు పెట్టి చూపించలేరు.

1992లో రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు యూనిసెఫ్ కోసం రాసిన వ్యాసంలో పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించాడు. కింది మూడు మెట్లు అసలు భాగస్వామ్యమే కావన్నాడు. అవి పెద్దల పనికి పిల్లల్ని వాడుకోవడం, అలంకారానికి నిలబెట్టడం, లెక్కకు చూపించడం. చర్చి సంస్థల్లో ఎక్కువగా కనిపించేది మూడోది. సాధారణ సభలో తిమోతికి రాసిన పత్రికలోని, యౌవనాన్నిబట్టి ఎవరూ నిన్ను తృణీకరించకూడదన్న వచనం చదువుతారు, యువ సభ్యుల్ని వేదిక మీదికి పిలుస్తారు, చప్పట్లు పడతాయి. ఆ సభ తీర్మానాల ముసాయిదా ఆ యువ సభ్యుల చేతికి ఎప్పుడు వచ్చిందో అడిగితే అసలు విషయం తేలుతుంది. ఆ వచనాన్ని నిజంగా నమ్మేవాళ్లు ముసాయిదాను ముందే పంపుతారు.

బోర్డులో కుర్చీ గురించి కూడా స్పష్టత ఉండాలి. లూథరన్ వరల్డ్ ఫెడరేషన్ 1984 బుడాపెస్ట్ మహాసభ నాటినుంచి తన సమావేశాల్లో, పాలక వర్గాల్లో ఇరవై శాతం యువతకు కేటాయించాలన్న నియమం పెట్టుకుంది. వాళ్ల లెక్కలో యువత అంటే ముప్ఫై ఏళ్ల వరకు. ఇలాంటి రాతపూర్వక కోటా ఉన్నచోటికీ, "యువత గొంతు వింటాం" అన్నచోటికీ చాలా దూరం. పదిహేనుమంది బోర్డులో ఇరవై శాతమంటే ముగ్గురు. ఒక్కరే ఉంటే ఆ ఒక్కరు మాట్లాడిన ప్రతిసారీ "యువత ఏమంటోంది" అన్న భారం మోయాలి, తన సొంత అభిప్రాయం చెప్పే వీలుండదు. ఇద్దరుంటే ఒకరితో ఒకరు విభేదించవచ్చు, దానితోనే మిగతావాళ్లకు యువత అంటే ఒక్క ముద్ద కాదని అర్థమవుతుంది. ఓటు ఉన్న కుర్చీనా, కూర్చుని మాట్లాడే వీలు మాత్రమేనా అని అడగండి. ఓటు ఉంటే చట్టపరమైన బాధ్యత కూడా ఉంటుంది. అందుకే చాలా దేశాల్లో పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు ఆ కుర్చీ ఇవ్వరు. ఆ బాధ్యత ఏమిటో, సంస్థ బీమా అందులో ఎంతవరకు కాపాడుతుందో రాతలో ఇవ్వమనడం మర్యాద తప్పడం కాదు.

పని అసలు రుచి ప్రాజెక్టు కాగితాల్లో దొరుకుతుంది. బాగా నడిచే కౌన్సిళ్లు ఏడాదికి కనీసం రెండు ప్రాజెక్టు ప్రతిపాదనలు సభ్యులకు ఇచ్చి ప్రశ్నలు రాయమంటాయి. ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. నిర్వాసితుల శిబిరం, 2,500 మంది, చేతిపంపులు నాలుగు అని ప్రతిపాదన. విపత్తు సహాయంలో అందరూ వాడే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం తాగడానికి, వంటకి, శుభ్రతకి మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు. ఒక చేతిపంపుకు 500 మంది మించకూడదు. నీటి చోటు ఇంటికి 500 మీటర్ల లోపు, వరుసలో నిలబడే సమయం అరగంట లోపు ఉండాలి. 2,500 మందికి 37,500 లీటర్లు కావాలి, పంపులు ఐదు కావాలి. నాలుగే ఉంటే ఒక్కోదానికి 625 మంది, అంటే రోజుకు 9,375 లీటర్లు. పంపు నిమిషానికి 17 లీటర్లు ఇస్తుందనుకుంటే తొమ్మిది గంటలకు పైగా ఎవరో ఒకరు ఆగకుండా కొడుతూనే ఉండాలి. 500 మందే అయితే ఏడు గంటల ఇరవై నిమిషాల్లో సరిపోయేది. ఆ తేడా కాగితం మీద ఒక్క పంపు. అక్కడ మాత్రం బడి గంట కొట్టేసినా బిందెతో వరుసలో నిలబడిన ఆడపిల్ల. ఇంజనీరు కాకపోయినా ఈ లెక్క చేయవచ్చు. పదో తరగతి గుణకార భాగహారాలు చాలు.

తర్వాతి ప్రశ్న ఇంకా ముఖ్యం: మూడో ఏడాది పంపు పాడైతే ఎవరు బాగుచేస్తారు? ఇండియా మార్క్ టూ రకం పంపులో లోపలి వాషరు మార్చాలంటే బోరులోని ఇనుప గొట్టాలన్నీ పైకి లాగాలి. దానికి ప్రత్యేక పనిముట్లు, నేర్పున్న మనుషులు కావాలి. ఆఫ్రిదేవ్ రకంలో గొట్టాలు కదపకుండానే పిస్టన్ పైకి తీయవచ్చు, శిక్షణ పొందిన గ్రామ సంఘమే చేసుకోగలదు. అయితే ఆ రకం మరీ లోతు బోర్లకు సరిపోదు. కాబట్టి ఏ పంపు, ఎంత లోతు, విడిభాగాలు ఎంత దూరంలో దొరుకుతాయి, నీటి కమిటీ నెలనెలా ఎంత వసూలు చేస్తుంది, ఆ డబ్బు ఎవరి పేరు మీద ఉంటుంది, కమిటీలో ఆడవాళ్లు ఎంతమంది అన్నవి అడగాలి. ఇలా ప్రశ్నలు రాసి పంపిన కౌన్సిల్‌ను ప్రాజెక్టు సిబ్బంది తర్వాతినుంచి తోటివాళ్లలా చూస్తారు. ఈ నేర్పు కోసమే అయినా చేరవచ్చు. ఏ కోర్సులోనూ ఇంత సూటిగా రాదు.

డబ్బు మాటకొస్తే రెండు పద్దులు విడిగా చూడండి. ఒకటి కౌన్సిల్ సొంత బడ్జెట్. ప్రయాణాలు, అనువాదం, డేటా ఖర్చు, చిన్న కార్యక్రమాలు దానిలోకి వస్తాయి. దానికి ప్రత్యేకమైన పద్దు ఉందా, లేక ప్రతిసారి ఎవరినో అడగాలా? ఖర్చు ముందు మీ జేబులోంచి పెట్టి తర్వాత బిల్లులిచ్చి తీసుకునే పద్ధతి అయితే డబ్బున్న ఇళ్ల పిల్లలే మిగులుతారు. అడ్వాన్సు ఇచ్చే పద్ధతి ఉండాలి. అనువాదానికి పద్దు లేకపోతే ఇంగ్లిష్ ధారాళంగా వచ్చినవాళ్లదే మాట అవుతుంది, ఏ పల్లె సమస్య గురించి మాట్లాడుతున్నారో ఆ పల్లెకు దగ్గరివాళ్లు మౌనంగా కూర్చుంటారు. రెండోది సంస్థ మొత్తం లెక్క. సంఘాల్లో మాట్లాడేటప్పుడు మొదట వచ్చే ప్రశ్న "మా కానుకలో ఆఫీసు ఖర్చు ఎంత?" అని. జవాబుకు ముందు ఒక తేడా తెలియాలి. ఫలానా పనికే అని ఇచ్చిన కానుకను ఇంకో పనికి మళ్లించకూడదు. ఏ షరతూ లేని కానుకతోనే ఆడిట్, శిక్షణ, విపత్తు వచ్చిన మొదటి రోజు ఖర్చు నడుస్తాయి. ఆఫీసు ఖర్చు ఎంత తక్కువుంటే అంత మంచి సంస్థ అనుకోవడం పొరపాటు. ఆడిట్ మీద, ఫిర్యాదులు వినే ఏర్పాటు మీద ఖర్చు పెట్టని సంస్థలోనే కానుక దారి తప్పే ప్రమాదం ఎక్కువ. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న వాక్యాన్ని కొందరు పెద్దలు లెక్కలు అడగకుండా ఆపడానికి చెబుతారు. అది ఇచ్చేవాడి గొప్పల గురించిన మాట. ఇతరుల కానుకను మోసుకెళ్లేవాడి సంగతి కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయంలో ఉంది. ఆ ధర్మసొమ్ము విషయంలో ఎవరూ వేలెత్తి చూపకుండా పౌలు, అతని తోటివాళ్లు తోడు మనుషుల్ని పెట్టుకుని జాగ్రత్తపడ్డారు.

రెండో ప్రశ్న, చర్చి సంస్థ కాబట్టి తప్పక వచ్చేది: "అక్కడ సువార్త చెబుతారా?" సంఘంలో కొందరు చెప్పాలని అడుగుతారు, బయట కొందరు చెబుతున్నారని నిలదీస్తారు. ఇద్దరికీ జవాబు ఒకటే. 1994లో రెడ్‌క్రాస్, స్వచ్ఛంద సంస్థలు కలిసి ఒక ప్రవర్తనా నియమావళి రాసుకున్నాయి. దాన్ని రాసినవాళ్లలో కారిటాస్, కాథలిక్ రిలీఫ్ సర్వీసెస్, లూథరన్ వరల్డ్ ఫెడరేషన్, ప్రపంచ చర్చిల మండలి ఉన్నాయి. సహాయం మతం, జాతి చూడకుండా అవసరాన్ని బట్టే ఇవ్వాలని, సహాయాన్ని ఒక మత లేక రాజకీయ అభిప్రాయాన్ని ముందుకు నెట్టడానికి వాడకూడదని అందులో స్పష్టంగా ఉంది. విశ్వాసం ఇవ్వడానికి కారణం కావచ్చు, పుచ్చుకోవడానికి షరతు కాకూడదు. మీ సంస్థ దానికి కట్టుబడిందో లేదో ముందే తెలుసుకోండి. కౌన్సిల్ శిక్షణలో ఈ ఒక్క విషయానికి గంట కేటాయించకపోతే యువ సభ్యులు మైకు ముందు ఇబ్బందిపడతారు, అది వాళ్ల తప్పు కాదు.

ప్రచారం, విధానాల పని గురించి తక్కువే చెబుతాం, ఎందుకంటే ఇక్కడ సహనం తప్ప పెద్ద మెళకువ లేదు. లేవీయకాండములోని సునాద సంవత్సరం పేరు మీద, పేద దేశాల అప్పులు రద్దుచేయాలని నడిచిన జూబిలీ 2000 ఉద్యమంలో 1998 మే నెలలో బర్మింగ్‌హామ్‌లో జీ8 దేశాల శిఖరాగ్ర సమావేశం సందర్భంగా సుమారు 70,000 మంది మానవహారం కట్టారు, చర్చిల నుంచి వచ్చినవాళ్లు అందులో పెద్ద సంఖ్య. కెనడా తన ఆహార సహాయంలో చాలాభాగాన్ని సొంత దేశపు పంటతోనే ఇవ్వాలన్న షరతును 2005లో సగానికి సడలించి 2008లో పూర్తిగా ఎత్తేసింది. చర్చిల భాగస్వామ్యమైన కెనడియన్ ఫుడ్‌గ్రెయిన్స్ బ్యాంక్ దానికోసం పట్టు వదలకుండా అడిగింది. ఇలాంటి పని ఒక కౌన్సిల్ పదవీకాలంలో పూర్తికాదు. రెండేళ్లలో ఫలితం చూపించాలని సంస్థ ఒత్తిడి పెడితే కౌన్సిల్ సంతకాల సేకరణల దగ్గరే ఆగిపోతుంది. పాతబట్టలు పోగుచేసి పంపుదాం అన్న ప్రతిపాదన ప్రతి కొత్త కౌన్సిల్‌లోనూ వస్తుంది. రవాణా, సుంకం, విడదీత ఖర్చు లెక్కవేయమనండి, అక్కడి బట్టల అంగడివాళ్ల సంగతి అడగమనండి. ఆ ప్రతిపాదనను నొప్పించకుండా పక్కన పెట్టవచ్చు.

సందర్శన ప్రయాణాలనే చాలామంది ఆశిస్తారు. మా అంచనాలో వీటికి ఉండవలసిన దానికన్నా ఎక్కువ విలువ ఇస్తున్నారు. పదిమంది రెండు వారాలు వచ్చి వెళితే ఆతిథ్యమిచ్చే సంస్థలో ముగ్గురి పని నెల రోజులు వెనకబడుతుంది. వాహనాలు, అనువాదకులు, భద్రత, పల్లె పెద్దలకు ముందుగా చెప్పడం అన్నీ వాళ్ల నెత్తినే. వెళ్లవలసే వస్తే ఇద్దరు ముగ్గురు చాలు. పాస్‌పోర్టుకు తిరుగు ప్రయాణం తర్వాత కూడా ఆరు నెలల గడువు ఉండేలా చూసుకోవాలి. పసుపుజ్వరం టీకా అడిగే దేశాలకు ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, లేకపోతే ఆ సర్టిఫికెట్ చెల్లదు. ఫోన్‌లో కెమెరాకు లొకేషన్ ఆపేయాలి. పిల్లల ఫొటో, పేరు, ఊరు మూడూ ఒకేచోట ఎప్పుడూ పెట్టకూడదు. సమ్మతి అడిగేటప్పుడు ఆ ఫొటో ఎక్కడ, ఎన్నాళ్లు కనిపిస్తుందో వాళ్ల భాషలో చెప్పాలి, వద్దంటే సహాయం ఆగదని కూడా చెప్పాలి. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది మాట ఇవ్వడం. బోరు చూసి "ఇంకొకటి వేయిస్తాం" అని ఒక సభ్యుడు ఆప్యాయంగా అన్న మాటను పల్లె మొత్తం ఒప్పందంగా తీసుకుంటుంది. తర్వాత రెండేళ్లు స్థానిక సిబ్బంది దానికి జవాబు చెప్పుకుంటూ తిరగాలి. మాకు నచ్చే పద్ధతి వేరు: భాగస్వామ్య సంస్థల ప్రాంతాల యువతనే కౌన్సిల్‌లో పూర్తి సభ్యులుగా తీసుకుని, ప్రయాణం డబ్బును వాళ్ల ఇంటర్నెట్‌కు, అనువాదానికి పెట్టడం.

భద్రత నియమాల్లో రాజీ వద్దు. పద్దెనిమిది లోపు సభ్యులుంటే సిబ్బందితో ఒంటరి చాటింగ్ ఉండకూడదు, ప్రతి గ్రూపులో ఇద్దరు పెద్దలుండాలి, ఫిర్యాదు చేయడానికి కౌన్సిల్ సమన్వయకర్తకు సంబంధం లేని ఇంకో మనిషి పేరు, ఫోన్ నంబరు మొదటి రోజే ఇవ్వాలి. ఇవి లేవంటే దరఖాస్తు అక్కడితో ఆపేయండి.

ఎంపిక గురించి ఒక మాట. పాస్టరు సిఫార్సు ఉత్తరం తప్పనిసరి అయితే పాస్టర్ల పిల్లలు, బిషప్ ఆఫీసుకు తెలిసినవాళ్లే ఎక్కువ వస్తారు. సిఫార్సు సంఘంలో ఎవరిదైనా కావచ్చు అంటే ఈ తలుపు కొంచెం తెరుచుకుంటుంది. ఇంకా పెద్ద లోపం అందర్నీ ఒకేసారి మార్చడం. పన్నెండు మందీ ఒకే రోజు దిగిపోతే కౌన్సిల్‌కు జ్ఞాపకశక్తి ఉండదు, కొత్తవాళ్లు మొదటి ఆరు నెలలు పాత ప్రశ్నలే అడుగుతారు. ఏటా ఆరుగురు దిగి ఆరుగురు ఎక్కాలి. దిగేవాళ్లు ఒక అప్పగింత ఫైలు రాయాలి: తెగని అంశాలు, వాటి తేదీలు, ఎవరిని అడిగితే జవాబు వస్తుంది, ఏ పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉంది. ఆ చివరి పంక్తి చిన్నదిగా అనిపిస్తుంది. కౌన్సిల్ సోషల్ మీడియా ఖాతా చదువు ముగించి వెళ్లిపోయిన సభ్యుడి సొంత ఫోన్ నంబరుకు కట్టుబడి ఉండటం ఎక్కడ చూసినా కనిపించే ఇబ్బంది.

ఎవరికి సరిపోతుంది? కాగితం ఓపికగా చదివేవాళ్లకు, తెలియనిది తెలియదని పదిమందిలో అడగగలిగేవాళ్లకు, సంఘంలో పెద్దవాళ్లకు విసుగు రాకుండా వివరించగలిగేవాళ్లకు. వక్తలే కావాలని లేదు. నిజానికి తక్కువ మాట్లాడి పట్టికను తాజాగా ఉంచే ఒక్క సభ్యురాలు ఉన్న కౌన్సిల్ బాగా నడుస్తుంది. విదేశీ ప్రయాణం కోసం, రెజ్యూమెలో ఒక పంక్తి కోసం వచ్చేవాళ్లు మొదటి బడ్జెట్ కాగితం దగ్గరే నీరసపడతారు.

దరఖాస్తు గడువుకు మూడు వారాల ముందే సమన్వయకర్తకు మెయిల్ రాయండి. గత రెండు సమావేశాల అజెండా, మినిట్స్, జవాబుల పట్టిక, ఈ ఏడాది కౌన్సిల్ బడ్జెట్ పద్దు, బోర్డు సమావేశాల తేదీలు అడగండి. సభ్యుల సొంత వివరాలున్నచోట చెరిపి ఇవ్వమనండి, దానికి ఎవరూ అభ్యంతరపెట్టరు. పదవి ముగించిన ఇద్దరితో మాట్లాడే వీలు కల్పించమనండి. వాళ్లను ఒక్కటే అడగండి: "మీరు చెప్పినదానివల్ల మారిన ఒక్క విషయం చెప్పగలరా?" జవాబులో ఒక తేదీ, ఒక తీర్మానం, ఒక ప్రాజెక్టు పేరు వస్తే ఆ రాత్రే ఫారం నింపండి.